సభలోని మౌనము

నా ఉద్యోగకాలములో నేను వ్రాసిన మినిట్సు పుస్తకములు ఎన్నియో లెక్కపెట్టలేదు గాని, వానిలోని ఒక్క వాక్యము మాత్రము నేటికిని పొల్లుపోకుండ నాకు జ్ఞాపకమున్నది. ఒక జిల్లాకేంద్రములోని కార్యాలయములో నేను గుమాస్తాగా నున్న దినములవి. ప్రతి సోమవారము పదునొకండు గంటలకు పెద్దగదిలో మీటింగు జరిగెడిది. పదిమందిమి బల్లచుట్టును చేరెడివారము. కాగితమును కలమును నాయెదుట నుండెడివి. ఆనాడు నడివేసవి. మేడమీది రికార్డుగదిని ఖాళీచేసి, అందలి దస్త్రములను క్రింది అంతస్తులో వెనుకవసారాను ఆనుకొనియున్న గదిలోనికి దింపవలెనని ఒక ప్రతిపాదన వచ్చెను. అధికారి దానిని చదివి వినిపించి, "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగినమాట నిజమే, కాని అడుగుచునే ఆయన ఫైలు మూసి నాడా ముడివేయుచుండెను. అప్పుడే టీ తెచ్చిన బంట్రోతు ఆ గది పేరు చెవినిపడగానే పళ్ళెము పట్టుకొని అక్కడనే నిలిచిపోయి, ఒక్కసారి నావంక చూచెను. ఆ గదిలో సున్నపుగోడమీద మోకాలెత్తున పసుపుపచ్చని నీటిచార యున్నదని అతనికి తెలియును, నాకును తెలియును. వానకాలములో సైకిలును అందులో నిలుపుకొని, సాయంకాలము బురదలోనుండి పైకెత్తుకొన్నవాడను నేను. అయినను నేను పలుకలేదు. నాడా ముడి పడినది, టీ చల్లారుచున్నది, నేను నోరు విప్పినచో తక్కిన తొమ్మండుగురును మరల కుర్చీలలో చేరగిలబడవలసివచ్చును. తలవంచుకొని వ్రాసితిని: "రికార్డుగది మార్పు ఏకగ్రీవముగా ఆమోదింపబడినది."

ఆశ్వయుజమాసపు తుపానులో ఏమి జరిగినదో విస్తరించి చెప్పనక్కరలేదు. మూడుదినములు వసారాలో తాళ్ళుకట్టి సర్వీసు రిజిష్టరులను బట్టలవలె ఆరవేసితిమి. తడిసిన అట్టల వాసన ఆ యేడు సంక్రాంతివరకు మమ్ము వదలలేదు. ఒక విశ్రాంతోపాధ్యాయుని పుట్టినతేది నీలిమరకగా మారిపోగా, ఆయన పింఛనుకొరకు తన జన్మమునే మరల ఋజువు చేసికొనవలసివచ్చెను.

కార్యాలయములలో మీటింగు లెట్లు నడుపవలెనో బోధించు పుస్తకములకు నేడు కొదువలేదు. వేళకు మొదలుపెట్టుడు, ఎజెండా ముందుగా పంపుడు, పనిలేనివారిని పిలువకుడు, వేళకు ముగింపుడు అని అవి చెప్పును. వీనిలో కాదనదగిన దేదియు లేదు. పదిమందిని గంటసేపు కూర్చుండబెట్టినవాడు వాడుకొన్నది ఒక గంట కాదు, పదిగంటలు. పరుల ధనము నపహరింపకుండుట అస్తేయమని యోగశాస్త్రము యమములలో చేర్చియుండగా, పరుల కాలము నపహరించుట కూడ చౌర్యమే యని ఏ పౌరాణికుడును చెప్పగా నేను వినలేదు. పురాణము ఆరుగంటలకని ప్రకటించి ఎనిమిదింటికి వచ్చువారు చెప్పకపోవుట సహజమే. అయితే ఇక్కడ నాకొక చిక్కున్నది. మా సోమవారపు మీటింగు వేళకు మొదలై వేళకు ముగిసినది. ఎజెండా టైపుచేయబడినది. పనిలేనివా డొకడును పిలువబడలేదు. ఆ పుస్తకముల కొలతతో కొలిచినయెడల దానిలో వంక పెట్టుటకు వీలులేదు. దస్త్రములు మాత్రము తడిసినవి.

కావున నాటినుండి నన్ను వేధించుచున్న ప్రశ్న కాలమును గూర్చినది కాదు. పదిమంది చేరినచోట నోరుమెదపక కూర్చున్నవాని మౌనమునకు అర్థమేమి? అది అంగీకారమా, నిరాకరణమా, భయమా, ఉపేక్షయా, లేక కేవలము ఆకలియా? దానికి బాధ్యులెవరు?

మౌనము అర్ధాంగీకారమని మన సామెత. ఈ 'అర్ధ' మనుమాట నన్ను చిరకాలము ఆశ్చర్యపరచినది. ఏలయనగా భారతములోని సభాపర్వములో ఇదే లెక్క మరియొక ముఖమున కనబడుచున్నది. ద్యూతసభలో ద్రౌపది వేసిన ప్రశ్న ఎంత సూటియైనదో చూడుడు: ధర్మరాజు ముందు తన్ను తా నోడెనా, నన్నోడెనా? తన్నోడినవానికి నన్ను పణముగా నొడ్డు అధికార మెక్కడిది? ఇంతకన్న స్పష్టముగా ఒక విషయమును సభముందు పెట్టుట శక్యము కాదు. ఆ సభలో పెద్దలకు కొరతలేదు. భీష్ముడు ధర్మము సూక్ష్మమైనదని చెప్పి తీర్పు చెప్పలేనని తప్పుకొనెను. తక్కినవారు తలలు వంచుకొనిరి. అప్పుడు విదురుడు విరోచన సుధన్వుల వివాదమును, ప్రహ్లాదుడు దానిని తీర్చిన విధమును చెప్పి, ధర్మము తెలిసియు సభలో అడిగినదానికి బదులీయనివానికి అసత్యమాడినవాని పాపములో సగము చెందునని హెచ్చరించెను. సామెతలో సగము అంగీకారము. ఇతిహాసములో సగము పాపము. రెండును ఒకే మౌనమును తూచిన తూకములే.

అక్కడితో ఆగలేదు. సభలో అధర్మము జరుగగా ఖండింపనియెడల ఆ పాపములో సగము సభాపతికి, పాతిక చేసినవానికి, మిగిలిన పాతిక ఊరకున్న సభ్యులకు పోవునని అదే సందర్భములో విభాగమున్నది. మనుస్మృతిలోని భాగములు వేరు. అక్కడ కర్తకు, సాక్షికి, సభ్యులకు, రాజునకు తలా ఒక పాదము. లెక్కలలో భేదమున్నను రెండు గ్రంథములును ఒక్క విషయమున ఏకీభవించుచున్నవి: గుంపులో చేరినంతమాత్రమున ఎవని వాటా వానిని విడిచిపోదు. నేను మొదట ఈ పాళ్ళను పురాణపు చాదస్త మనుకొంటిని. ఆరవేసిన రిజిష్టరులనడుమ నిలిచి ఇది ఎవరి తప్పని మాలో మేము వాదించుకొన్న దినమున వాని విలువ తెలిసినది. సభ్యులు అధికారి నిర్ణయమనిరి, అధికారి సభ్యుల ఆమోదమనెను. పదిమంది తలలమీద పెట్టిన బరువు ఒక్క తలమీదను లేకుండ పోయినది. ఈ మాయ జరుగకుండుటకే ధర్మశాస్త్రకారుడు తక్కెడ చేతబట్టుకొని కూర్చున్నాడు.

ఆ ద్యూతసభలో నోరు విప్పినవాడు ఒక్కడు లేకపోలేదు. దుర్యోధనుని తమ్ముడగు వికర్ణుడు లేచి, ద్రౌపది ప్రశ్నకు బదులు చెప్పుడని రాజులను పదేపదే వేడి, ఎవరును పలుకకపోగా, ఆమె ఓడిపోలేదని తన మతమును తానే చెప్పెను. అంతట కర్ణుడు, పెద్దలు ఊరకుండగా పిల్లవాడవు నీకేమి తెలియునని వానిని అదలించెను. ఏ కార్యాలయములోనైన పదిసంవత్సరములు పనిచేసినవానికి ఈ ఘట్టమునకు వ్యాఖ్యానము అక్కరలేదు. నన్నయభట్టు రాజమహేంద్రవరములో ఈ సభాపర్వమును తెనిగించి వేయేండ్లు కావచ్చుచున్నది; తిక్కన సోమయాజి శ్రీకృష్ణరాయబార ఘట్టములో, దక్షులైనవారు ఉపేక్షించుటను గూర్చి చెప్పిన పద్యమును బడిలో వల్లింపని తెలుగువాడు అరుదు. నేనును వల్లించినవాడనే, పందెములో బహుమానము కూడ పొందితిని.

ఇక నేను వ్రాసిన 'ఏకగ్రీవము' అనుమాట. దీని అక్షరార్థమును ఎవరైన ఆలోచించిరో లేదో: ఒక్కటే మెడ! పది తలలకు ఒక్క మెడ యగుట మీటింగులలో ఘనవిజయముగా ఎంచబడుచున్నది. రామాయణములో దశగ్రీవుడు, అనగా పది మెడలవాడు, ఒక సభ చేసెను. హనుమంతుడు లంకను కాల్చిపోయిన పిమ్మట రావణుడు మంత్రులను పిలిచి, మంత్రము ఉత్తమము, మధ్యమము, అధమము అని మూడు తెరగులని చక్కగా ఉపన్యసించెను. శాస్త్రదృష్టితో అందరును ఏకాభిప్రాయులగునది ఉత్తమము. పలుమతములు వెలువడి తుదకు ఒకటిగా కుదురునది మధ్యమము. ఎవరిమాట వారిదై పొందికలేక పోవునది అధమము. సభానిర్వహణ శాస్త్రము తెలియనివాడు కాడు రావణుడు. తరువాత జరిగిన దేమి? ప్రహస్తుడు మొదలుకొని ఒక్కొక్కడు లేచి, నే నొక్కడనే చాలుదును, వానరుల నందరిని మట్టుపెట్టి వత్తునని బీరములు పలికిరి. విభీషణుడు ఒక్కడు తప్ప దశగ్రీవుని సభ ఏకగ్రీవమైనది.

రావణుని సభలలో నాకు అన్నింటికన్న విలువైనదిగా తోచు మాట కుంభకర్ణునిది. నిద్రమొగ మనిపించుకొన్న ఆ మహాకాయుడు, సీతను తెచ్చినది మొదట, మమ్ము పిలిచినది తరువాత, ఈ ఆలోచన ఆనాడే మాతో చేయవలసినదని అన్నగారి మొగముమీద అనెను. అన్నతరువాత, అయినది అయినది, నీ శత్రువులను నేను చంపెదనని సమాధానపరచినమాట కూడ నిజమే, తమ్ముడు కదా. నిర్ణయము ముందును, సభ వెనుకను జరిగినచోట సభ్యులకు మిగులునది రెండే పనులు: బీరములు పలుకుట, లేక ఊరకుండుట. మా అధికారి ఫైలునాడా ముడివేయుచు అభ్యంతర మడిగినప్పుడు, మమ్ము పిలిచినది ఆలోచనకు కాదు, సాక్ష్యమునకు అని పదిమందికిని అర్థమైనది. అట్టి మీటింగు పదినిముసములలో ముగిసినను వ్యర్థమే.

యుద్ధకాండలోనే సముద్రపు ఈవలిగట్టున మరియొక సభ జరిగినది. విభీషణుడు శరణుకోరి ఆకాశమున నిలిచియుండగా సుగ్రీవుడు వలదనెను. రాముడు తన మనస్సులోని మాటను వెంటనే బయటపెట్టక అందరి మతమును అడిగెను. అంగదుడు, శరభుడు, జాంబవంతుడు, మైందుడు తలా ఒకవిధముగ అనుమానించిరి. హనుమంతుడు వారితో విభేదించి చేర్చుకొనదగినవాడనెను. అందరును చెప్పిన పిమ్మటనే రాముడు తన వ్రతమును ప్రకటించెను. ఆయన మొదటనే శరణాగతరక్షణము నా నియమమని చెప్పియున్నయెడల జాంబవంతుని అనుమానము గొంతులోనే యుండిపోవును, హనుమంతుని యుక్తి పొగడ్తగా మారిపోవును. ఫలితము ఒకటే కావచ్చును. సభ మాత్రము ఒకటి కాదు.

కౌటిల్యుడు ఇంత కావ్యముగా చెప్పడు. అర్థశాస్త్రములోని మంత్రాధికారమున ఆయన ఒక మునివలె కాక, లెక్కతెలిసిన కోమటివలె మాట్లాడును. ఒక్క మంత్రితో ఆలోచించినచో చిక్కువిషయములు తేలవు, వాడు అడ్డులేక నడచును. ఇద్దరైనచో కూడి రాజును లోబరచుకొందురు, లేదా కలహించి చెరుపుదురు. ముగ్గురు నలుగురైన మేలు. అంతకు మించినచో నిర్ణయము కుదురదు, రహస్యము నిలువదు. ఆలోచనకు అంగము లైదు: పని మొదలుపెట్టు ఉపాయము, మనుష్యులును ద్రవ్యమును, దేశకాలముల విభజన, ఆపద వచ్చినప్పటి ప్రతిక్రియ, కార్యసిద్ధి. మా రికార్డుగది ప్రతిపాదనలో కూలీల సంఖ్య యున్నది, తేదీ యున్నది. నాల్గవ యంగ మొక్కటి లోపించినది. దగ్గర లేనివారితో ఉత్తరముమూలమున ఆలోచింపవలెననియు, ఆలోచన పేరిట కాలమును సాగదీయరాదనియు, ఎవనిని చులకన చేయక అందరి మతమును వినవలెననియు, పిల్లవాడు చెప్పినను అర్థవంతమైన మాటను గ్రహింపవలెననియు కూడ ఆయన చెప్పెను. వికర్ణునికి కర్ణుడిచ్చిన బదులునకు ఇది చాణక్యుని సమాధానము. చిలుకలును గోరువంకలును రహస్యములను బయటపెట్టిన కథలు విన్నందున పక్షులు కూడ చూడరానిచోట మంత్రాంగము జరుపుమన్నాడు. మన పంజరపు చిలుకలు నేడు జేబులలోనికి చేరినవి. అది వేరు సంగతి.

కాని మౌనమునకు సరియైన స్థానమును నిర్ణయించినవారు నా యెరుకలో బౌద్ధులే. అజాతశత్రువు వజ్జిదేశముమీద దండెత్తదలచి తన మంత్రియగు వస్సకారుని బుద్ధునికడకు పంపగా, బుద్ధుడు అతనికి సూటిగా బదులీయక, వెనుకనున్న ఆనందుని అడిగిన ప్రశ్నలలో మొదటిది, వజ్జులు తరచుగా సమావేశమగుచున్నారా అనునది. రెండవది, పొందికతో కూడి, పొందికతో లేచి, పొందికతో పనులు చేయుచున్నారా అనునది. అట్లు చేయునంతకాలము వారికి వృద్ధియేగాని హాని లేదని ఆయన తేల్చెను. ఒక రాజ్యముయొక్క ఆయుర్దాయమును దాని మీటింగులనుబట్టి లెక్కించిన జ్యోతిషము ఇదియొక్కటే కాబోలు.

బుద్ధుని భిక్షుసంఘములో పని నడచు తీరు వినయపిటకములో స్పష్టముగా నున్నది. మొదట ప్రతిపాదనను, అనగా ఞత్తిని, సంఘమునకు వినిపింతురు. చిన్నపనికైనచో ఒకసారి, ఉపసంపద, అనగా భిక్షుదీక్ష, వంటి పెద్దపనికైనచో మూడుసార్లు దానిని ప్రకటించి, సమ్మతించువారు ఊరకుండుడు, సమ్మతింపనివారు పలుకుడు అని అడుగుదురు. ముమ్మారు అడిగినను ఎవరును పలుకనిచో, సంఘము సమ్మతించినది కావున మౌనముగా నున్నదని ప్రకటింతురు. కనీససంఖ్య పనిని బట్టి నలుగురు, ఐదుగురు, పదిమంది, ఇరువదిమంది. అది నిండనిచో చేసిన పని చెల్లదు. రోగియై రాలేని భిక్షువు తన సమ్మతిని మరియొకనిద్వారా పంపవలెను. అభిప్రాయభేదము తీరనప్పుడు శలాకలు, అనగా చిన్నపుల్లలు, పంచి లెక్కింతురు. వానిని రహస్యముగ తీసికొను పద్ధతియు, చెవిలో చెప్పు పద్ధతియు కలవు. 1949 నవంబరు 25వ తేదీన రాజ్యాంగసభలో ప్రసంగించుచు అంబేద్కరు, ప్రతిపాదనలు, తీర్మానములు, కోరము, ఓట్ల లెక్కింపు మున్నగు నియమములన్నియు భిక్షుసంఘములు ఎరుగునని గుర్తుచేసెను. నాగార్జునకొండలో త్రవ్వి తీసిన విహారములలో భిక్షువుల గదులు చుట్టును, స్తంభమండపము నడుమను ఉండుట తలచుకొన్నప్పుడెల్ల, మన కృష్ణాతీరమునకూడ ఆ మూడు ప్రకటనల నడుమ నిలిచిన నిశ్శబ్దము వినబడినట్లే నాకు తోచును.

అక్కడకూడ మౌనమే అంగీకారము. మా కార్యాలయములోను మౌనమే అంగీకారము. భేదమేమి? అక్కడ మౌనమునకు ముందు ప్రశ్న యున్నది. ఆ ప్రశ్న ముమ్మారు వేయబడినది. పలుకుటకు చోటు విడువబడినది. ఆ చోటులో పలుకనివాడు తెలిసియే పలుకలేదు. అట్టి మౌనము పూర్తియైన క్రియ, అందు 'అర్ధము' లేదు. ప్రశ్నలేని మౌనము, లేదా ముడిపడిన నాడాముందరి మౌనము, ఏ అర్థమునకైన వాడుకొనదగిన వట్టిసంచి. ఎవరికి కావలసినది వారు అందులో నింపుకొందురు. సభాపతికి సగము పాపమును కట్టబెట్టిన లెక్క ఇక్కడ నాకు న్యాయముగా తోచుచున్నది. ఏలయనగా ఇతరుల మౌనమునకు అర్థము కల్పించుట గాని, దానిని అర్థరహితము చేయుట గాని వాని చేతిలోనే యున్నది. మీటింగు నడుపుట యనగా గడియారమును నడుపుట యనుకొందుము; అది నిశ్శబ్దమును నడుపుట.

పదునేడవ శతాబ్దములో ఇంగ్లాండులో జార్జి ఫాక్సు ఉపదేశముతో వెలసిన క్వేకరులు అను క్రైస్తవశాఖవారు దీనిని మరియొక త్రోవలో పట్టుకొనిరి. వారి పూజయు మౌనమే, సంఘకార్యమును మౌనముతోనే మొదలగును. ఓట్లు లేవు. సభ మనస్సు ఎటు మొగ్గినదో కార్యదర్శి గ్రహించి, తీర్మానమును ఆ కూటములోనే వ్రాసి, అక్కడనే చదివి వినిపించి, ఔనా యని అడుగును. ఇంటికి పోయి తీరికగా వ్రాసిన మినిట్సులో ఏకగ్రీవము ఎంత సులభముగా పుట్టునో ఎరిగిన నాకు ఈ ఒక్క నియమము చాలును, వారికి నమస్కరించుటకు.

ఇటీవల కొంతకాలము హైదరాబాదులో మా అబ్బాయి ఇంటనుంటిని. అతనికి ప్రొద్దుటినుండి తెరమీద మీటింగులే. మొదటిదానికి స్టాండపు అని పేరట, పదిహేను నిముసములకు మించరాదట. మావాడు దానిని మంచముమీద కూర్చుండియే జరుపుకొనును. చిన్నచిన్న గళ్ళలో ముఖములు. ఎక్కువ గళ్ళలో ముఖముకూడ లేదు, పొడియక్షరములు మాత్రమే. "నువ్వు మ్యూట్‌లో ఉన్నావ్!" అని ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని అదలించుచుందురు. ఒకనాడు లోపలి పెద్దగొంతు ఏదో ముగించి, ఒక గుక్క తిరుగకముందే "ఓకే, నో క్వశ్చన్స్, గుడ్" అని వెడలిపోయినది. మావాని పెదవులు కదలినవి. అతడు మ్యూట్ తీయునప్పటికి తెర ఖాళీ. "ఏమిరా చెప్పబోతివి?" అంటిని. "ఏం లేదు నాన్నా, మెయిల్ పెడతాలే" అనెను. పెట్టెనో లేదో నేను అడుగలేదు. అడిగియుండవలసినది.

తుపాను వెలిసిన పిమ్మట, ఆరిన కాగితములను మడతలు తీయుచు వసారాలో కూర్చున్నప్పుడు, ఆ బంట్రోతును నే నడిగితిని: "ఏమయ్యా, ఆనాడు నీవైనా ఒక్కమాట అనకపోతివా?" అతడు చేతిలోని కాగితమును తాటినుండి తీసి జాగ్రత్తగా పరచి, "నన్నెవరు అడిగారు బాబూ? తమరివైపు చూశాను గదా" అనెను. కోపముగా ననలేదు. తరువాత ఇద్దరము చాలసేపు మడతలు తీయుచునే యుంటిమి.

మినిట్సు పుస్తకము రికార్డుగదికి పోలేదు. అది నా బల్లసొరుగులో నుండెను. ఆ కార్యాలయములో ఒక్క చుక్కయైన తాకని పుస్తకము అదియే. సోమవారపు పుట తిరగవేసి చూచితిని: సిరా చెదరలేదు, నా దస్తూరి ముత్యములవలె నున్నది, 'ఏకగ్రీవముగా' అనుచోట మాత్రము కలము కొంచెము గట్టిగా ఒత్తినట్లున్నది.